భేరుండుల తాడు

ఏడు తాళ్ళు ఒక్కసారి బిగిశాయి. ఏనుగంత బండ గుర్రుమంటూ దొర్లి వచ్చి మౌనగుహ ముఖాన్ని మూసేసింది. చివరి సందులోంచి పడ్డ వెలుతురు సన్నని గీతగా మారి, అదీ మాయమైంది. లోపల దివిటీ పట్టుకుని నిలబడ్డ కరవీరుడు పెదవి కొరుక్కున్నాడు. బయట డప్పులు మొదలయ్యాయి. ఇక బండ తొలగేదాకా ఆ డప్పులు ఆగవు.

తరతరాలు ఎడారుల్లో తిరిగి, చివరికి శోణవతీ నది లోయను కత్తిమొనతో గెలుచుకున్న ఏడు తెగలవాళ్ళకు గెలవడంకంటే పంచుకోవడమే కష్టమని బాగా తెలుసు. తాతల కాలంలో ఎడారి అంచున గెలిచిన ఒక నేలకు ఇలాగే పంపకం జరిగింది. బిళ్ళలు తీసినవాడు తన వియ్యాలవారి తెగకు తోటలూ, మిగిలినవాళ్ళకు బోడిగుట్టలూ వచ్చేట్టు చేతివాటం చూపించాడు. ఆ ఏడాది అన్నదమ్ములు ఒకరినొకరు నరుక్కున్నంతగా ఏ శత్రువూ వాళ్ళను నరకలేదు.

అప్పుడు పెద్దలు కూర్చుని ఒక కట్టడి చేశారు. ఏడింటిలో చేరని, భూమిలో వాటా లేని దివిటీ తెగవాడే బిళ్ళలు తీయాలి. తీసిన వెంటనే అతన్ని పంపకం జరిగేచోటి గుహలో పెట్టి బండ దొర్లించాలి. ప్రతి తెగా తన వాటాకు పోయి, పతాకం పాతి, ఆ నేలమీద నీళ్ళు తాగి, తృప్తిగా తిరిగివచ్చి బండకు కట్టిన తన తాడు పట్టుకోవాలి. ఏడు తాళ్ళూ లాగితేనే ఆ బండ కదులుతుంది. ఒక్క తెగ అలిగి తాడు వదిలేసిందా, లోపలివాడి బతుకు అక్కడితో సరి, పంపకమూ సరి, మళ్ళీ కత్తులే. లోపలివాడు గుహ దాటి బయట కనబడినా అంతే. వాడు లోపలినుంచి అరిచి మాట మార్చకుండా ఉండడానికే ఆ డప్పులు.

ఆ ఉదయం మైదానంలో కోలాహలం అంతా ఇంతా కాదు. ఏకశిలా పర్వతం ముందు ఏడు తెగలూ ఏడు రంగుల పతాకాలతో బారులు తీరాయి. వెండి తొడుగుల ఒంటెలు, పులిచర్మాలు కప్పుకున్న విలుకాండ్రు, మోచేతులదాకా దంతపు గాజులు వేసుకున్న స్త్రీలు, విరిగిన శూలాలనే ఊతకర్రలు చేసుకున్న ముసలి యోధులు, వాళ్ళ వెనక ఎర్రని ఇసుకతిన్నెలు, ఆ తిన్నెల మధ్య మెలికలు తిరిగే శోణవతి. నడుమ రెండు మట్టికుండలు. ఒకదానిలో తెగల ముద్రలు వేసిన బిళ్ళలు, రెండోదానిలో నేలల ముద్రలు వేసినవి. సర్వసేనానీ, అందరికీ పెద్దదిక్కూ అయిన విశ్వంధరుడు చెయ్యెత్తగానే కరవీరుడు కళ్ళకు గంతలతో చెరో కుండలో చెరో చెయ్యి పెట్టాడు.

భేరుండ తెగ బిళ్ళకు జతగా శంఖపల్లం వచ్చినప్పుడు మిగతావాళ్ళ ముఖాలు మాడిపోయాయి. శంఖపల్లమంటే మాటలా! నడుమ ఒక చిన్న దిబ్బ తప్ప చెట్టూ రాయీ లేని చదునునేల, నడుములోతు పచ్చగడ్డి. భేరుండుల నాయకుడు బాహుదండుడు అంత భారీ మనిషీ పిల్లాడిలా గంతులేశాడు. ఆ తెగలో నాయకత్వం తండ్రినుంచి కొడుక్కి రాదు. ఎదిరించి పిలిచి, కత్తియుద్ధంలో గెలిచినవాడిదే. అతను సొంత మేనమామను ఓడించి గెలుచుకున్నాడు. నవ్వినా తిట్టినా నాలుగు దిక్కులా వినబడే గొంతు అతనిది.

"గుడారాలు ఎత్తండిరా! మందల్ని తోలండి! ఇవాళ వంట మన సొంత నేలమీదే!" అని ఆడవాళ్ళతో, పసిపిల్లలతో సహా తెగనంతా పల్లంలోకి దించేశాడు.

ఒక్కరికైనా అనుమానం రాలేదు. అంత చక్కని నేలలో ఒక్క ఇల్లైనా ఎందుకు లేదు? పారిపోయిన లోయవాళ్ళు ఊళ్ళన్నీ పోయిపోయి గట్లమీదే ఎందుకు కట్టుకున్నారు? పాపం, వాళ్ళను అని ఏం లాభం! నీళ్ళను తోలుతిత్తిలో తప్ప చూసి ఎరగని జనం. నేల కొలిచిన వేగులవాళ్ళు మండువేసవిలో వచ్చి కొలుచుకుపోయారు.

గుహలో కరవీరుడు దివిటీ పైకెత్తాడు. అది మామూలు దివిటీ కాదు. ఏడు తెగలూ ఎడారిలో అడుగుపెట్టిన నాటినుంచీ ఆరకుండా మోసుకొచ్చిన ఆదిజ్యోతి. ఆ వెలుగులో గోడలమీద, తలకంటే ఎత్తున, తెల్లని నత్తగుల్లలు బారులు బారులుగా అంటుకుని కనిపించాయి. "ఎవరో గాని మంచి ఓపికమంతుడు! గుల్లలతో ఎంత చక్కగా ముగ్గు పెట్టాడు!" అని మనసారా మెచ్చుకున్నాడు.

"ముగ్గు కాదురా మూర్ఖుడా!"

కరవీరుడు ఉలిక్కిపడి వెనుదిరిగాడు. గుహ మూలన నేలమీది పలక ఒకటి పక్కకు జరిగింది. ఆ రంధ్రంలోంచి ముందు గుండ్రని పసుపుకళ్ళు, తరవాత వంకర ముక్కు, ఆ తరవాత నేలదాకా జీరాడే గుడ్లగూబ ఈకల దుప్పటి పైకి వచ్చాయి. ఓడిపోయిన లోయరాజుకు మంత్రీ, మాంత్రికుడూ అయిన ఉలూకదత్తుడు! కోట పడిన రోజు బురుజు మంటల్లో మాడిపోయాడని అందరూ సంబరపడ్డారు. మాడలేదు సరికదా, నున్నగా ఉన్నాడు.

"అవి నీళ్ళలో బతికే పురుగుల ఇళ్ళు. నీళ్ళు ఇక్కడిదాకా వస్తాయని దాని అర్థం. మీ తెగలు ఎగబడి కోరుకున్న శంఖపల్లం నేల కాదు, మా రాజ్యంలోకెల్లా పెద్ద చెరువు! మీరు వస్తున్నారని తెలిసి, వేసవికి ముందే తూము ఎత్తి నేనే ఖాళీ చేయించాను. పచ్చగడ్డి చూసి ఎవడో ఒకడు దిగకపోడని నాకు తెలుసు."

బాహుదండుడి పొద్దుటి కేక కరవీరుడి చెవుల్లో మోగింది. భేరుండులు దిగారు. బాహుదండుడి కూతురు మేఘలేఖ దిగింది. కోట గోడలెక్కిన రోజు తన దివిటీ వెలుగులో ముందు నడిచిన పిల్ల, బాణం తగిలిన భుజంతోనే నవ్విన పిల్ల. ఆ నవ్వు తలుచుకోని రోజు అతనికి లేదు.

"పొద్దుటే తూము మూయించాను. కొండమీది మడుగుల కట్టలు తెగ్గొట్టించాను. పొద్దువాలేలోపు నీ భేరుండులందరూ చేపలకు ఆహారం. ఆ కోపంతో మిగిలినవాళ్ళు నువ్వే మోసం చేశావంటారు, ఒకర్నొకరు నరుక్కుంటారు. నా రాజు తిరిగివచ్చి ఖాళీ లోయలో కూర్చుంటాడు. కానీ నిన్ను వదిలేస్తానురా అబ్బాయి! ఈ సొరంగంలోంచి దారి చూపిస్తాను. ఆ జ్యోతి ఒక్కటి నీ చేత్తో, ఇష్టపడి నాకివ్వు. లాక్కుంటే అది నా చేతిలో నిలవదు."

కరవీరుడు బండవైపు పరుగెత్తి రెండు పిడికిళ్ళతో బాదాడు. "పెద్దయ్యా! పల్లంలోంచి జనాన్ని లేపండి! అది చెరువు!" అని గొంతు చినిగేలా అరిచాడు. బయట డప్పులు మరింత జోరెత్తాయి. కట్టడి కట్టడే! ఉలూకదత్తుడు పొట్ట పట్టుకుని నవ్వాడు.

కరవీరుడు మెల్లగా వెనక్కి తిరిగి, తల వంచి, ఓడిపోయిన మనిషిలా నిట్టూర్చాడు. "సరే. ప్రాణంకంటే తీపి ఏముంది? తీసుకో. కానీ ఆ దుప్పటితోనే వస్తావా నిప్పు దగ్గరికి? ఒక్క రవ్వ పడితే ఈకలన్నీ భగ్గుమంటాయి. తరవాత నన్నంటే నేనెరగను."

ఆశ మనిషి కళ్ళు కప్పేస్తుంది, మాంత్రికుడైనా సరే. ఉలూకదత్తుడు తొందరతొందరగా దుప్పటి విప్పి పక్కన పెట్టి రెండు చేతులూ చాచాడు. దుప్పటి తీయగానే పసుపుకళ్ళూ లేవు, వంకర ముక్కూ లేదు. బట్టతలతో, బక్కకాళ్ళతో వణికే ముసలివాడొకడు మిగిలాడు. కరవీరుడు దివిటీని గోడగూటిలోకి నెట్టి, ఒక్క దూకులో దుప్పటి అందుకుని భుజాన వేసుకున్నాడు. ముసలివాడు కెవ్వుమన్నాడు. ఎదురుగా తానే నిలబడి తనవంక చూస్తున్నాడు మరి!

"దొంగా! నా రూపం ఇచ్చెయ్యి!" అని మీదపడబోయి, కాలు జారి, వచ్చిన రంధ్రంలోనే పడి, సొరంగం కిందివైపుకు పందికొక్కులా పారిపోయాడు. వెంటపడే తీరిక ఎక్కడుంది? కరవీరుడు సొరంగంలోకి దిగి ఎగువకు పరుగు తీశాడు.

సొరంగమంటే చెరువు తూములోంచి వదిలిన నీరు కొండ కిందుగా నదిలోకి పోయే దారి. అందులో తల ఎత్తితే బొప్పి, అడుగేస్తే పాచి. పడుతూ లేస్తూ ఎగువకు చేరేసరికి ముందర నల్లరాతి తలుపు. తలుపు సందుల్లోంచి నీరు చిమ్ముతోంది. పక్కనున్న మెట్లమీదుగా పైకెక్కి తల బయటపెట్టాడు.

ఎంత నీరు! సగం పల్లం అప్పుడే మాయమైంది. కొండమీదినుంచి మూడు జలపాతాలు ఎర్రగా దూకుతున్నాయి. నీటి నడుమ ఒక దిబ్బ, ఆ దిబ్బమీద భేరుండ తెగ మొత్తం. తల్లులు బిడ్డలను భుజాలకెత్తుకున్నారు. పశువులు ఈదలేక అరుస్తున్నాయి. గుడారాలు తేలిపోతున్నాయి. ఎవరికీ ఈత రాదు. ఎలా వస్తుంది?

తూము మీద, ఇనపగొలుసు చుట్టిన చక్రానికి ఆనుకుని, తాటిచెట్టంత రాక్షసుడొకడు కునికిపాట్లు పడుతున్నాడు. వాడి పేరు స్థూలకర్ణుడు, మాంత్రికుడి బంటు. ఈకల దుప్పటి చూసి బద్ధకంగా ఒక కన్ను తెరిచాడు.

"లేవరా! తలుపు ఎత్తు!" అన్నాడు కరవీరుడు, వీలైనంత గరగరమనే గొంతుతో.

"ఇంకా నయం! పొద్దున్నే కదా దించమన్నావు? నడుం విరిగేలా దించాను. మళ్ళీ ఎత్తమంటావేం? నీకసలు ఒక మాటమీద నిలకడుందా, సామీ?"

"నన్నే ప్రశ్నిస్తావా? నిన్ను బల్లిని చేసి గోడకు అంటించమంటావా?"

"చేస్తావు, చేస్తావు. కిందటేడాది మా తమ్ముణ్ణి చేశావుగా, ఇంకా మా ఇంటి చూరులోనే ఉన్నాడు." స్థూలకర్ణుడు గొణుక్కుంటూ చక్రం పట్టుకున్నాడు. కండలు ఉబికాయి. గొలుసు కిర్రుమంది. రాతి తలుపు జానెడు, మూరెడు, నిలువెత్తు లేచింది. చెరువు నీరంతా ఆ నోట్లోకి హోరున దూకసాగింది. దిబ్బచుట్టూ పైకి పాకుతున్న నీరు ఆగి, నెమ్మదిగా వెనక్కి తగ్గడం మొదలైంది. కరవీరుడికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

వెనకనుంచి కత్తిమొన మెడకు తాకింది. "కదిలావో, తల కింద పడుతుంది మాంత్రికుడా!"

మేఘలేఖ గొంతు! ఒంటె మెడ పట్టుకుని ఒడ్డుకు చేరి, ఈ నీళ్ళు వదిలిన చెయ్యి ఎవరిదో తేల్చుకోడానికి ఒంటరిగా గట్టెక్కింది. కరవీరుడు దుప్పటి ఒక పక్కకు జార్చాడు. ఆమె కత్తి దించింది.

"కరవీరా! నువ్వా? గుహలో కదా నువ్వు ఉండాల్సింది!"

"ఇప్పుడే వెళ్ళిపోతున్నాను. నువ్వు నన్ను చూడలేదు మేఘలేఖా. గుహ ఖాళీ అయిందని తెలిస్తే పంపకం చెల్లదు. ఏడు తెగలూ కత్తులు దూస్తాయి. ఆ మాంత్రికుడికి కావలసింది అదే. చెప్పనని మీ అమ్మమీద ఒట్టెయ్యి."

"ఎలా వెళ్తావు? దారేది?"

కరవీరుడు తూము నోటివైపు చూపించాడు. ఎర్రని నీరు సుడులు తిరుగుతూ సొరంగంలోకి పోతోంది. ఆ సొరంగమే గుహలోకి దారి.

"చచ్చిపోతావు," అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మీ నాన్న తాడు పట్టుకుంటే చావను. నేల పోలేదు, నీళ్ళే పోతున్నాయి. తాడు పట్టుకోమని చెప్పు. ఎందుకో మాత్రం చెప్పకు. ఆయన గొంతులో రహస్యం ఎక్కడ నిలుస్తుంది? ఒట్టెయ్యి!"

"అమ్మమీద ఒట్టు," అంది ఆమె.

జారిన దుప్పటి కిందనుంచి వేరే మనిషి బయటపడడం చూసిన స్థూలకర్ణుడికి అప్పటికి సంగతి బోధపడింది. "ఓరి నీ! నువ్వు మా సామివి కాదే!" అని గోనెసంచంత చెయ్యి చాచాడు. ఆ చేతికి దుప్పటి మాత్రమే చిక్కింది. కరవీరుడు తూము నోట్లోకి దూకేశాడు. రాక్షసుడు దుప్పటిని అటూ ఇటూ తిప్పి చూసి, తనమీద వేసుకుని మురిసిపోతూ, తమ్ముణ్ణి బాగుచేసే ఉపాయం దొరికిందనుకుని ఇంటిదారి పట్టాడు.

నీరు కరవీరుణ్ణి గోడలకు కొట్టింది, తలకిందులు చేసింది, ఊపిరి పిండింది. ఎప్పుడో చేతికి పలక అంచు తగిలింది. ప్రాణాలు కూడగట్టుకుని దాన్ని పట్టుకుని గుహలోకి పాకాడు. ఆదిజ్యోతి గూట్లో వెలుగుతూనే ఉంది. అతని వెనకే నీరు కూడా రంధ్రంలోంచి ఉబికి వచ్చింది. అంత చెరువును ఆ సొరంగం ఒక్క గుక్కలో మింగలేక, మిగిలింది గుహలోకి కక్కుతోంది. పలక జరిపి మూయబోయాడు. నీటి తోపుడుకు పలక తిరగబడింది. మోకాలిలోతు, నడుంలోతు. గుల్లల బారులు తలకంటే ఎత్తున ఎందుకున్నాయో ఇప్పుడు అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

బయట పొద్దు వాలుతోంది. ఒక్కో తెగా పతాకం పాతి, సొంత నీళ్ళు తాగి, పాటలు పాడుకుంటూ తిరిగివచ్చింది. ఆరు తాళ్ళదగ్గరా జనం నిలబడ్డారు. అప్పుడు వచ్చాడు బాహుదండుడు, ఒళ్ళంతా బురదతో, వెనక తడిసి ముద్దైన తెగతో. ఎవరూ చావలేదు గానీ మందలో సగం పోయింది, గుడారమన్నది మిగల్లేదు.

"చెరువును వాటాగా ఇచ్చారా మాకు?" అతని గొంతుకు డప్పులు కూడా చిన్నబోయాయి. "మా పిల్లలు మునుగుతుంటే మీరు పాటలు పాడుకుంటున్నారా? ఈ పంపకాన్ని నేను ఒప్పుకోను! బిళ్ళలు తీసిన ఆ ద్రోహి లోపలే కుళ్ళిపోనీ!"

"నాన్నా!" మేఘలేఖ అతని చెయ్యి పట్టుకుంది. "నీళ్ళు తగ్గిపోయాయి. నేల మనదే. తాడు పట్టుకో నాన్నా, నీ కాళ్ళు మొక్కుతాను."

"ఎందుకు పట్టుకోవాలి? ఆ దివిటీవాడు నీకేమవుతాడు?"

ఆమె తండ్రి చేతిని తాడువైపు లాగింది. అమ్మమీద ఒట్టేసింది, కారణం చెప్పడానికి వీల్లేదు. బాహుదండుడు చెయ్యి విదిలించుకుని, మొలలో కత్తి తీసి, భేరుండుల తాడును రెండు ముక్కలుగా నరికేశాడు. జనంలోంచి హాహాకారాలు లేచాయి. మిగతా తెగలవాళ్ళ చేతులు ఒరలమీదికి పోయాయి. విశ్వంధరుడి ముఖం పాలిపోయింది.

బండ కింది సన్నని సందులోంచి తడి బయటికి ఊరుతోంది. అందరి కళ్ళూ కత్తులమీదే ఉన్నాయి. మేఘలేఖ ఒక్కతే చూసింది. ఎర్రని నీరు. శంఖపల్లం నీరు. ఆ బండ వెనక ఎంత ఎత్తున నీళ్ళుంటే ఆ సందులోంచి ఊరుతాయో ఆమె ఊహించుకుంది. ఒక్క అంగలో వెళ్ళి తెగిన తాడుకొస అందుకుని చేతికి చుట్టుకుంది.

"వదిలెయ్ తల్లీ," అన్నాడు విశ్వంధరుడు బాధగా. "తాడుమీద ముందు పడాల్సింది నాయకుడి చెయ్యి. వేరే ఎవరు లాగినా చెల్లదు."

మేఘలేఖ తాడు వదలలేదు. రెండో చేత్తో కత్తి దూసి, కొన తండ్రివైపు తిప్పింది. ఆ పిల్ల కళ్ళవెంట నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

"భేరుండుల నాయకుడా, బాహుదండా! నీ నాయకత్వానికి నేను ఎదురు నిలుస్తున్నాను. రా!"

డప్పులు కొట్టేవాళ్ళ చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. తాతల కాలంనుంచీ పంపకం ముగియకుండా ఆ డప్పులు ఆగడం అదే మొదలు. లోపల గడ్డందాకా వచ్చిన నీటిలో మునివేళ్ళమీద నిలబడి, దివిటీని తలకంటే ఎత్తున పట్టుకున్న కరవీరుడికి ఆ నిశ్శబ్దం వినబడింది. ఇప్పుడు అరిస్తే అందరూ వింటారు, కానీ నిజం చెబితే గుహ దాటిన సంగతి బయటపడి పంపకం చెల్లదు. ఏమని అరవాలి?

బయట బాహుదండుడు కూతురి చేతిలోని కత్తివైపు చూశాడు. ఆ చేతికి కత్తి పట్టుకోవడం నేర్పింది తనే. మళ్ళీ తన కత్తి ఎత్తి పట్టుకున్నాడు.

"ఎందుకో చెప్పవు. సరే," అన్నాడు, జీవితంలో మొదటిసారి చిన్న గొంతుతో. "రా అమ్మా."